ఒకే మాట రెండుసార్లు చెప్పే చెక్కముక్క: టేబుల్ సా సర్దుబాటుకు ఇంటి జిగ్

టేబుల్ సా, అంటే బల్ల సందులోంచి గుండ్రని రంపపు బ్లేడు పైకి వచ్చే యంత్రం, మీద టేకు పలక కోసినప్పుడు అంచు నల్లగా మాడితే చాలామంది ముందుగా బ్లేడునే అనుమానిస్తారు. పదును పోయిందని సాన పట్టిస్తారు, లేదంటే కొత్తది కొంటారు. కొత్త బ్లేడుతోనూ అదే మాడు కనిపిస్తే నెపం కలప మీదికి వెళ్తుంది. చాలాసార్లు తప్పు ఈ రెండింటిలోనూ ఉండదు. బ్లేడు ఒక దిక్కు చూస్తుంటుంది, చెక్క మరో దిక్కుకు నడుస్తుంటుంది. ఆ రెండు దారుల మధ్య ఎడం ఒకటి రెండు వెంట్రుకల మందం మాత్రమే. అది కంటికి ఆనదు, టేపుకు అందదు. దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అమ్ముతారు. ఒక చెక్క బద్ద, ఒక డయల్ గేజ్ (ములుకు ఎంత కదిలిందో ముల్లుతో చూపే సాధనం), నాలుగు స్క్రూలతో ఇంట్లో చేసుకున్న జిగ్, అంటే పనికి తోడుండే అమరిక, కూడా ఆ పనిని అంతే నమ్మకంగా చేస్తుంది. అది ఎందుకు సాధ్యమో అర్థమైతే, జిగ్ తయారీలో ఎక్కడ శ్రద్ధ పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తేలిపోతుంది.

తలుపులు, గుమ్మాల పనిలో వడ్రంగి లెక్క నూళ్ళలో సాగుతుంది. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. టేబుల్ సా సర్దుబాటులో ఆ నూలును 30 భాగాలు చేసి, అందులో ఒక భాగం కోసం వెతకాలి. సాధారణంగా వాడే 10 అంగుళాల బ్లేడును పూర్తిగా పైకి లేపితే బల్ల ఉపరితలం దగ్గర దాని ముందు పళ్ళకూ వెనుక పళ్ళకూ మధ్య 220 మిల్లీమీటర్లకు పైగా దూరం ఉంటుంది. అంత దూరంలో ముందుకూ వెనుకకూ తేడా 0.1 మిల్లీమీటరు లోపల ఉంటే ఇంటి పనికి బాగున్నట్టే. 0.05కు దించగలిగితే ఇంకా మేలు. అంతకన్నా కిందికి దించాలని పట్టుపట్టడంలో ప్రయోజనం తక్కువ. చాలా బ్లేడులు తిరిగేటప్పుడు పక్కకు ఊగే ఊపే అంత ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహను విడదీయాలి. బ్లేడు వంకరగా ఉంటే కోత వంకరగా వస్తుందని అనుకోవడం సహజం. కానీ కోత ఏ దిక్కుకు సాగుతుందో నిర్ణయించేది బ్లేడు కాదు, చెక్క నడిచే దారి. ఫెన్సుకు (బ్లేడు పక్కన చెక్కను ఆనించే తిన్నని పట్టీకి) ఆనించి తోస్తే ఫెన్సు వెంట, మైటర్ గాడిలో (బల్ల మీద బ్లేడు పక్కన పొడవునా ఉండే గాడిలో) తోస్తే గాడి వెంట కోత సాగుతుంది. బ్లేడు వంకర వల్ల జరిగేది వేరు. ముందు పళ్ళు కోసిన సందులోంచి వెనుక పళ్ళు తిన్నగా వెళ్ళలేవు, ఒక గోడను గీకుతూ వెళ్తాయి. కోత సందు వెడల్పవుతుంది, రాపిడికి అంచు మాడుతుంది, కోసిన ముఖం మీద అడ్డదిడ్డంగా విల్లు ఆకారపు గీతలు పడతాయి. గమనించి చూస్తే ఆ ముఖం చదునుగా కాక చాలా స్వల్పంగా లోపలికి పల్లంగా ఉంటుంది. ఈ గుణాన్నే కావాలని వాడుకునే పని కూడా ఉంది. పలకను బ్లేడుకు ఏటవాలుగా, కొద్ది కొద్ది లోతులో నడిపిస్తే దోసిలి లాంటి పల్లం ఏర్పడుతుంది. అలంకారపు పట్టీలు అలాగే చేస్తారు. అక్కడ కోరి చేసేది, సర్దుబాటు తప్పిన యంత్రంలో కోరకుండా జరుగుతుంది.

మాడిన అంచును చిత్రికతో తీసేయవచ్చు. ప్రమాదం దానితో ఆగదు. బ్లేడు ముందు పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదుముతాయి, వెనుక పళ్ళు పైకి లేస్తుంటాయి. వెనుక పళ్ళకూ ఫెన్సుకూ మధ్య చెక్క ఇరుక్కుంటే ఆ పళ్ళు దాన్ని ఎత్తి, బ్లేడు మీదుగా తోసేవారి వైపే విసురుతాయి. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు అంచు వేగం సెకనుకు 53 మీటర్లు, గంటకు 190 కిలోమీటర్ల చొప్పున. అమెరికాలో ఏటా సుమారు 30 వేల మంది టేబుల్ సా గాయాలతో అత్యవసర చికిత్సకు వెళ్తున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ లెక్కలు చెబుతున్నాయి. ఆ గాయాలన్నిటికీ సర్దుబాటు లోపమే కారణమని చెప్పడం తప్పు. చెక్క ఎదురు తన్నే పరిస్థితికి ఉన్న కారణాల్లో ఒకదాన్ని మాత్రం ఒక పూట పనితో పూర్తిగా తొలగించవచ్చు.

ఇంట్లో చేసిన వంకరటింకర చెక్కముక్క, కర్మాగారంలో మరపట్టిన ఇనుపబల్ల తప్పును ఎలా పట్టుకుంటుంది? తాపీ మేస్త్రి రసమట్టాన్ని పరీక్షించే తీరు గుర్తుచేసుకుంటే జవాబు దొరుకుతుంది. రసమట్టాన్ని ఒకచోట పెట్టి బుడగ ఎక్కడ ఆగిందో చూస్తాడు. తర్వాత అదే చోట దాన్ని అటుదిటు తిప్పి పెడతాడు. రెండుసార్లూ బుడగ ఒకే వైపు ఒరిగితే తప్పు గోడది, వేర్వేరు వైపులకు పోతే తప్పు రసమట్టానిది. మూలమట్టాన్ని వడ్రంగి చూసుకునేదీ ఇలాగే. తిన్నని అంచుకు ఆనించి గీత గీసి, బోర్లించి, అదే బిందువు దగ్గర మళ్ళీ గీస్తాడు. రెండు గీతలు ఒకటైతే మూల సరైనది. ఈ పరీక్షల్లో ఎక్కడా అంతకన్నా కచ్చితమైన మరో సాధనం అవసరం పడలేదు. ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో నిజమైన చదును పలకల తయారీని వివరించినప్పుడు చూపిందీ ఇదే తోవ. మూడు ఇనుప పలకలను జంటలుగా మార్చి మార్చి పోల్చి, ఎత్తుగా తేలిన చోట్లను గీకుతూ పోతే, ముందుగా ఏ చదును పలకా చేతిలో లేకుండానే మూడూ చదునవుతాయి.

టేబుల్ సా జిగ్ కూడా కొలిచే సాధనం కాదు, పోల్చే సాధనం. గాడి నుంచి బ్లేడు ఎంత దూరంలో ఉందో ఎవరికీ అక్కర్లేదు. ముందు ఎంతో, వెనుక కూడా అంతేనా అన్నదే ప్రశ్న. జిగ్ చేయి కాస్త వాలి ఉన్నా, గేజ్ మూలకు తిరిగి ఉన్నా ఆ తప్పు రెండు రీడింగుల్లోనూ సమానంగా ఉంటుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మాయమవుతుంది. గేజ్ ములుకు బ్లేడుకు లంబంగా కాక 10 డిగ్రీలు పక్కకు ఉందనుకుంటే, తేడా విలువలో వచ్చే పొరపాటు ఒకటిన్నర శాతం. 0.10 ఉన్నచోట 0.1015 కనిపిస్తుంది, అంతే. కనుక జిగ్‌ను మూలమట్టంగా చేయడానికి గంటలు వెచ్చించనక్కర్లేదు. ఆ శ్రమంతా ఒకే గుణానికి దక్కాలి: ఒకే చోట ఎన్నిసార్లు పెట్టినా ఒకే మాట చెప్పాలి.

ఆ గుణాన్ని పాడుచేసేవి రెండు. ఒకటి, గాడిలో బద్ద వదులు. రెండోది, జిగ్ ఒళ్ళు వంగడం.

చాలా పెద్ద యంత్రాల్లో మైటర్ గాడి వెడల్పు 19 మిల్లీమీటర్లు, లోతు సుమారు 9.5. చిన్న యంత్రాల్లో ఇది మారుతుంది కాబట్టి ముందు కొలుచుకోవాలి. బద్దకు బాగా ఎండిన టేకు లాంటి గట్టి కలప మంచిది. పొడవు 200 మిల్లీమీటర్లు చాలు. మందం గాడి లోతుకన్నా కొద్దిగా తక్కువ ఉండాలి, లేకపోతే బద్ద అడుగున తగిలి జిగ్ ఊగుతుంది. వెడల్పును గాడికి బిర్రుగా సరిపడేలా చేయాలని చాలామంది తాపత్రయపడతారు. ఇది అనవసరమైన బాధ. బిర్రుగా చేసిన బద్ద వానాకాలం రాగానే పట్టేస్తుంది. కలప తేమ నాలుగు శాతం పెరిగితే చాలు, ఆ వెడల్పు బద్ద పదో వంతు మిల్లీమీటరు దాకా ఉబ్బవచ్చు.  దానికన్నా, బద్దను కాస్త వదులుగానే ఉంచి, కొలిచిన ప్రతిసారీ గాడి ఒకే గోడకు, బ్లేడు వైపున్న గోడకు, వేలితో అదిమి పట్టడం మేలు. అప్పుడు వదులు ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఆధారం గాడి వెడల్పు కాదు, ఆ ఒక్క గోడ. బద్ద ఆ గోడకు నిలువునా తగలకుండా, రెండు చివర్ల దగ్గర మాత్రమే తగిలేలా నడుమ భాగాన్ని ఉలితో ఒక పొర తీసేస్తే ఇంకా నిలకడగా కూర్చుంటుంది. నాలుగు కాళ్ళ పీట ఊగినా మూడు కాళ్ళ పీట ఊగదు కదా, ఇదీ అంతే. తాకే చోట్లు తక్కువైతే సందేహం తక్కువ.

బద్ద మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ పలక, అరచేయి కన్నా కొంచెం పెద్దది, జిగురుతోనూ రెండు స్క్రూలతోనూ బిగించాలి. దాని మీద గేజ్‌ను పట్టుకునే చేయి నిలబడుతుంది. గేజ్ మెడ సాధారణంగా 8 మిల్లీమీటర్ల వ్యాసంలో ఉంటుంది, అమెరికా కొలతల గేజ్‌లలో అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు. చెక్క దిమ్మకు ఆ కొలత రంధ్రం వేసి, రంధ్రం నుంచి అంచు దాకా రంపంతో ఒక చీలిక కోసి, చీలికకు అడ్డంగా ఒక బోల్టు బిగిస్తే మంచి పట్టు తయారవుతుంది. ఆ బోల్టును చేతి బలమంతా పెట్టి బిగించకూడదు. మెడ నొక్కుకుపోతే లోపలి ములుకు పట్టేసి, ముల్లు తిరిగి రావలసిన చోటికి రాదు. దిమ్మ పొట్టిగా, లావుగా ఉండాలి. పొడవాటి సన్నని చేయి చూడడానికి అందంగా ఉంటుంది కానీ వేలు తగిలితే వంగుతుంది. ఆ వంపు ఇక్కడ వెతుకుతున్న తప్పుకు రెండింతలు ఉండవచ్చు.

జిగ్ తయారయ్యాక బ్లేడు జోలికి పోకముందే జిగ్‌ను పరీక్షించాలి. యంత్రం ప్లగ్గు పీకేసి, బ్లేడును కదలకుండా ఉంచి, ఒక చోట గేజ్ తాకించి రీడింగు రాసుకోవాలి. జిగ్‌ను గాడిలోంచి పూర్తిగా పైకి తీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ రాయాలి. ఇలా అయిదుసార్లు చేయాలి. అయిదు రీడింగులూ 0.02 మిల్లీమీటర్ల లోపల ఒదిగితే జిగ్ పనికొస్తుంది. 0.08, 0.10 దాకా చెదిరితే ఎంత నున్నగా చేసినా అది పనికిరాదు. స్క్రూలు వదులో, బద్ద కింద రంపపు పొట్టు చిక్కిందో, అదిమే వేలు ఒక్కోసారి ఒక్కోచోట పడుతోందో చూడాలి. ఈ పరీక్షను వదిలేసి నేరుగా యంత్రం బోల్టులు విప్పేవారు, ఉన్న సర్దుబాటును కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

అసలు కొలతలో ఒక నియమం అన్నిటికన్నా ముఖ్యం. ముందూ వెనుకా తాకించవలసింది బ్లేడు మీద ఒకే చోటును. ముందు వైపు ఒక పన్ను కింద బ్లేడు ఒంటి మీద రంగు పెన్నుతో చుక్క పెట్టాలి. గేజ్ ములుకును ఆ చుక్కకు తాకించి, మరో మిల్లీమీటరు లోపలికి నొక్కుకునేలా చేసి, రీడింగును సున్నాకు తిప్పుకోవాలి. తర్వాత బ్లేడును చేత్తో తిప్పి అదే చుక్కను వెనక్కి తేవాలి. ములుకును వెనక్కి లాగి పట్టుకుని జిగ్‌ను జరిపి, ఆ చుక్క మీదే తిరిగి వదలాలి. ఇలా ఎందుకంటే, ఏ బ్లేడూ పూర్తిగా చదునుగా ఉండదు. ముందు ఒక పన్ను దగ్గరా, వెనుక ఇంకో పన్ను దగ్గరా కొలిస్తే ఆ బ్లేడు వంపు కూడా లెక్కలో కలిసిపోతుంది. ఒకే చుక్క ఇరుసు చుట్టూ తిరిగి వచ్చినప్పుడు అది ఎప్పుడూ ఇరుసుకు లంబమైన ఒకే తలంలో ఉంటుంది. అంటే అక్కడ కొలుస్తున్నది బ్లేడును కాదు, ఇరుసు దిక్కును. వంపు తిరిగిన పాత బ్లేడుతో కూడా యంత్రాన్ని సరిగ్గా సర్దవచ్చునంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఈ పద్ధతిలో అది నిజం.

గేజ్ లేకపోతే పని ఆగిపోనక్కర్లేదు. పలక అంచుకు గుండ్రని తల ఉన్న ఇత్తడి స్క్రూ ఒకటి బిగించి, ముందు వైపు చుక్కను అది ఇలా తగిలీ తగలనట్టు ఉండేదాకా తిప్పాలి. బ్లేడును చేత్తో అటూ ఇటూ కదిపితే సన్నని గీకుడు శబ్దం వినబడాలి. వెనక్కి జరిపాక అదే శబ్దం వస్తే సరి. శబ్దం రాకపోతే ఆ సందులో ఫీలర్ గేజ్ రేకులు దూర్చి ఎంత ఎడమో తెలుసుకోవచ్చు. బిర్రుగా గుచ్చుకుంటే స్క్రూను వెనుక సరిచేసి, ముందు సందును కొలవాలి. చెవి ఇందులో కంటికన్నా చురుకైనది. సంఖ్య కంటికి కనబడాలనుకుంటే త్రాసు ముల్లు సూత్రం ఉంది. 220 మిల్లీమీటర్ల పుల్లను ఒక చివరి నుంచి 20 మిల్లీమీటర్ల దగ్గర మేకు మీద తిరిగేలా నిలిపితే, పొట్టి చివర 0.1 కదిలినప్పుడు పొడవు చివర 1 మిల్లీమీటరు కదులుతుంది. దాని కింద ఒక స్కేలు అతికిస్తే చాలు. ఒక రబ్బరు బ్యాండుతో పుల్లను ఎప్పుడూ ఒకే వైపుకు లాగి ఉంచితే మేకు దగ్గర వదులు కూడా లెక్కలోకి రాదు.

తేడా తెలిశాక దిద్దడం యంత్రాన్ని బట్టి ఉంటుంది. డెల్టా కంపెనీ 1939 ప్రాంతంలో తెచ్చిన యూనిసా వంశానికి చెందిన భారీ యంత్రాల్లో మోటారు, ఇరుసు ఉన్న చట్రం కింది పెట్టెకు బిగించి ఉంటుంది. పైబల్లను పట్టుకున్న నాలుగు బోల్టుల్లో మూడు వదులు చేసి, నాలుగోదాన్ని కొద్దిగా బిగువుగా ఉంచి, దాని చుట్టూ బల్లనే తిప్పుతారు. ఇది సులువు. అమెరికా ఇళ్ళ గ్యారేజీల్లో ఎక్కువగా కనిపించే తేలికపాటి రకాల్లో ఆ చట్రం బల్ల అడుగుకే వేలాడుతుంది. బల్ల కిందికి చేయి దూర్చి బోల్టులు వదులు చేసి, చెక్క దిమ్మ అడ్డం పెట్టి సుత్తితో చిన్నగా తట్టాలి. రెండింట్లోనూ గేజ్‌ను వెనుక చుక్క మీద ఉంచే తట్టడం మంచిది, ఎంత కదిలిందో అప్పటికప్పుడు ముల్లు చెబుతుంది. ఓపిక కావలసింది ఆ తర్వాతే. బోల్టు బిగించేటప్పుడు వాషర్ తిరిగి చట్రాన్ని తనతో లాక్కుపోతుంది. ఒక్కసారే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెం బిగిస్తూ, చివర మళ్ళీ రెండు చోట్లా కొలవాలి. మూడు నాలుగు సార్లు చేయవలసి రావడం మామూలు.

బ్లేడు నిలువుగా ఉన్నప్పుడు అన్నీ సరిగ్గా ఉండి, 45 డిగ్రీలు వాల్చి కోస్తే మాత్రం మాడుతోందన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. దీని కారణం రేఖాగణితంలో ఉంది. బ్లేడు ఏ ఇరుసు మీద వాలుతుందో అది బల్లకు సమాంతరంగా లేదు, ముందు కన్నా వెనుక ఎత్తుగానో పల్లంగానో ఉంది. నిలువుగా ఉన్నప్పుడు ఆ తప్పు బ్లేడు తన తలంలోనే ముక్కు ఎత్తినట్టు ఉంటుంది, పక్కకు ఏమీ కనబడదు. వాల్చగానే ఆ ఎత్తుపల్లంలో 70 శాతం పక్క తేడాగా బయటపడుతుంది. కాబట్టి జిగ్‌తో 45 దగ్గర కూడా ఒకసారి కొలవాలి. తేడా ఉంటే బల్లకూ పెట్టెకూ (తేలికపాటి యంత్రాల్లో బల్లకూ చట్రానికీ) మధ్య ముందో వెనుకో పలుచని రేకు దూర్చి బల్లను ఎత్తాలి. శీతల పానీయాల డబ్బా నుంచి కత్తిరించిన రేకు సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది, ఇంతకన్నా చవకైన సామగ్రి లేదు. రేకు పెట్టాక నిలువు సర్దుబాటును మళ్ళీ మొదటి నుంచి చూసుకోక తప్పదు.

ఫెన్సు వంతు ఆఖరున వస్తుంది. బ్లేడునూ ఫెన్సునూ గాడితోనే పోల్చాలి, ఫెన్సును బ్లేడుతో నేరుగా పోల్చకూడదు. గాడి ఒక్కటే పోత ఇనుములో మరపట్టినది, కదపడానికి వీల్లేనిది. మిగతావన్నీ దాని మాట వినవలసినవే. జిగ్‌ను అదే గాడిలో ఉంచి, ములుకును ఫెన్సు వైపు తిప్పి, ముందు నుంచి వెనుకకు జరిపితే రీడింగు నిలకడగా ఉండాలి. వెనుక వైపు ఫెన్సు బ్లేడుకు దగ్గరవుతుంటే వెంటనే దిద్దాలి, చెక్కను ఇరికించేది అదే. కొందరు వెనుక వైపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దూరంగా ఉండేలా కావాలని వదులుతారు. ఫెన్సును బ్లేడుకు ఎప్పుడూ ఒకే పక్క వాడేవారికి అది ఇబ్బంది పెట్టదు. రెండు పక్కలా వాడేవారికి మాత్రం సమాంతరమే సరైనది, ఎందుకంటే ఒక పక్క దూరమైనది రెండో పక్క దగ్గరవుతుంది. బ్లేడు వెనుక నిలబడి, కోత సందు మూసుకోకుండా ఆపే రేకు, రివింగ్ నైఫ్, బ్లేడుతో ఒకే వరసలో ఉందో లేదో కూడా ఇప్పుడే, ఒక తిన్నని స్కేలు ఆనించి చూసేయాలి.

ఇదంతా గాడి ఉన్న యంత్రాలకు. చేతి సర్క్యులర్ సాను బల్ల కింద తలకిందులుగా బిగించి, పైన ఒక చెక్క బద్దను రెండు క్లాంపులతో పట్టించి ఫెన్సుగా వాడే అమరిక కూడా ఉంది. అక్కడ గాడి లేదు, కానీ ఆధారం లేకుండా పోదు. బల్ల పక్క అంచు తిన్నగా ఉంటే జిగ్‌కు బద్ద బదులు అంచును కొక్కెంలా పట్టుకునే పట్టీ పెట్టవచ్చు. అంచు తిన్నగా లేకపోతే ఒక అల్యూమినియం పట్టీని బల్లకు శాశ్వతంగా స్క్రూలతో బిగించి దాన్నే ఆధారంగా చేసుకోవాలి. అలాంటి బల్లల్లో ప్రతి కోతకూ ఫెన్సు కొత్తగా బిగిస్తారు కాబట్టి, అసలు తప్పు అక్కడే ఎక్కువగా దొర్లుతుంది. ముందూ వెనుకా టేపుతో కొలవడం కన్నా, ఆధారపు పట్టీకీ ఫెన్సుకూ మధ్య ఒకే కొలత చెక్కముక్కను రెండు చోట్లా దూర్చి చూడడం వేగంగానూ నిక్కచ్చిగానూ ఉంటుంది. అది కూడా జిగ్గే.

పని పూర్తయ్యాక తేదీనీ, ముందు వెనుక రీడింగులనూ, 45 డిగ్రీల దగ్గరి రీడింగునూ జిగ్ పలక మీదే పెన్సిలుతో రాసి గోడకు వేలాడదీయాలి. యంత్రాన్ని చోటు మార్చినప్పుడు, బలమైన ఎదురు తన్ను తగిలినప్పుడు, వానాకాలం వెళ్ళాక ఒకసారి మళ్ళీ కొలిచి కింద కొత్త వరస రాయాలి. గేజ్ తీసి జిగ్‌కు బిగించి రెండు చుక్కలు చూడడానికి పది నిమిషాలు పడుతుంది.